టీజర్ ముందు ఎప్పుడూ నిలబడే గుర్రం: ఒక 63,ఎక్స్ కేసు

ఆరేళ్ల థరోబ్రెడ్ ఆడగుర్రం. బే రంగు, నుదుట చిన్న చుక్క. ఎత్తు 14.3 హ్యాండ్స్, అంటే 59 అంగుళాలు. ఒళ్లు బాగానే ఉంది, వెంట్రుక మెరుస్తోంది, దాణా వదలకుండా తింటోంది. రెండేళ్లు రేసుల్లో ఉండి ఒక్కసారి కూడా మొదటి నాలుగు స్థానాల్లోకి రాక, నాలుగో ఏట బయటికొచ్చింది. తల్లి వైపు వంశం మంచిది కావడంతో, హైదరాబాద్ శివార్లలో సొంత ఫార్మ్ ఉన్న ఒకాయన పిల్లల కోసం కొన్నారు. ఫిర్యాదు ఒకటే. రెండు సీజన్లలో ఐదుసార్లు దాటించారు, చూడి కట్టలేదు.

ఇలాంటి కేసులు రాసేటప్పుడు "అప్పటికే ఇద్దరు డాక్టర్లు చూశారు" అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఇక్కడ ఆ సదుపాయం లేదు. మొదటి నుంచీ చూసింది నేనే. మొదటి సీజన్ మొత్తం, రెండో సీజన్‌లో సగం నా చేతుల్లోనే పోయాయి.

మొదటి సీజన్

ఫిబ్రవరిలో మొదటిసారి స్కాన్ చేశాను. ఎడమ అండాశయం 18 మిల్లీమీటర్లు, కుడిది 15. ఫాలికిల్, అంటే అండం పెరిగే నీటి బుడగ, ఒక్కటీ లేదు. చూడగానే నాకు తోచింది స్టెరాయిడ్. రేసు గుర్రాలకు కండ పట్టడానికి అనబాలిక్ స్టెరాయిడ్లు ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. వాటి దెబ్బకు అండాశయాలు ముడుచుకుపోయి నెలల తరబడి లేవకుండా పడుంటాయి. పైగా అది చలికాలం చివర. పగలు పెరిగేకొద్దీ ఎదకొచ్చే జంతువు గుర్రం. మన అక్షాంశాల్లో ఆ ప్రభావం ఉత్తరాది దేశాలంత గట్టిగా ఉండదు గానీ, బొత్తిగా లేకుండానూ పోదు. "అండాశయాలు నిద్రలో ఉన్నాయి, రేసుల నాటి మందుల ప్రభావం కావచ్చు, రాత్రిపూట లైటు పెట్టి పగటిని 16 గంటలకు పెంచండి, రెండు నెలలాగి చూద్దాం" అని రాసిచ్చాను.

ఆ గుర్రానికి ఏ మందులు ఇచ్చారో రాతపూర్వకంగా ఎక్కడా లేదు. ఇచ్చారనుకున్నది నేనే. ఆ ఊహ మీద మూడు నెలలు నడిచాయి.

ఈలోగా నాతో చెప్పకుండానే యజమాని మూడుసార్లు దాటించారు. ఆయన తప్పేమీ లేదు. టీజర్‌ని, అంటే ఎద పసిగట్టడానికి వాడే మగగుర్రాన్ని, తీసుకొచ్చి కంచె అవతల నిలబెడితే ఈ గుర్రం కదలకుండా నిలబడేది, తోక పక్కకు తీసేది. ఇంకేం కావాలి? స్టడ్ బుక్, అంటే జాతి నమోదు పుస్తకం, నిబంధనల ప్రకారం థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణకు ఒప్పుకోరు, పిల్ల సహజంగా దాటిస్తేనే పుట్టాలి. కాబట్టి ప్రతిసారీ ట్రక్కు మాట్లాడుకోవడం, తీసుకెళ్లడం, తీసుకురావడం, ఫీజు కట్టడం.

ఆ ఫార్మ్‌లో గుర్రాలను చూసుకునే, అరవై దాటిన సాయిస్ ఒకాయన ఉన్నారు. అందరూ చాచా అంటారు, నేనూ అంతే. ఏప్రిల్‌లో నేను వెళ్లినప్పుడు ఆయన ఒక మాట అన్నారు.

"ఇది ఎప్పుడు జూసినా నిలబడ్తది డాక్టర్ సాబ్. ఎదల లేని రోజు నాకైతే కనబడలే."

నేను నవ్వి ఊరుకున్నాను. రోగం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

మామూలు ఆడగుర్రం చక్రం 21, 22 రోజులు. అందులో ఐదు నుంచి ఏడు రోజులు ఎదలో ఉంటుంది. అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే కార్పస్ లూటియం ప్రొజెస్టెరాన్ వదులుతుంది. ఆ హార్మోన్ ఉన్న రెండు వారాలూ టీజర్ దగ్గరికొస్తే చెవులు వెనక్కి వాల్చి, కీచుమని, తన్నడానికి తిరుగుతుంది. అంటే "వద్దు" అనేది అండాశయం పని. మగగుర్రాన్ని రానిచ్చే ప్రవర్తనకు ఆడగుర్రంలో అండాశయాల అవసరం అంతగా లేదు. వాటిని శస్త్రచికిత్సతో తీసేసిన గుర్రాలు కూడా నిలబడతాయి. వీర్యం సేకరించే చోట్ల అలాంటివాటిని కావాలనే పెట్టుకుంటారు. ఎప్పుడూ నిలబడే గుర్రం అంటే ఎప్పుడూ ఎదలో ఉన్న గుర్రం కాదు, ఎన్నడూ అండం విడుదల కాని గుర్రం. చాచాకు ఆ శాస్త్రం తెలియదు, కానీ లెక్క తెలుసు. నాకు శాస్త్రం తెలిసీ లెక్క పట్టలేదు.

చెయ్యి పెట్టి చూస్తే

రెండో ఏడాది మార్చిలో మళ్లీ స్కాన్ చేశాను. అండాశయాలు అంతే ఉన్నాయి, మిల్లీమీటరు కూడా మారలేదు. ఏడాది గడిచాక స్టెరాయిడ్ కథ నిలబడదు. అప్పుడు మొదటి నుంచి, కొత్త గుర్రాన్ని చూసినట్టు చూశాను.

పెద్ద గుర్రంలో అండాశయం ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్లు ఉంటుంది. సీజన్‌లో దాని మీద 40 మిల్లీమీటర్ల ఫాలికిల్ లేస్తే చేతికి నీళ్ల బుడగలా తగులుతుంది. దీనివి రెండూ రేగుపళ్లంత, గట్టిగా, నున్నగా ఉన్నాయి. గర్భాశయాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. వేళ్ల కింద తడిసిన గుడ్డ పీలికలా జారిపోతోంది, బిగువు లేదు. గర్భాశయ ముఖద్వారం, అంటే సర్విక్స్, పాలిపోయి, వదులుగా, వేలు పెడితే తెరుచుకుంది. యోని బయటి భాగం కాస్త చిన్నదే గానీ ఆకారంలో తేడా లేదు. క్లిటోరిస్ మామూలు సైజే. ఇది ప్రత్యేకంగా చూసి రాసుకోవాల్సిన విషయం, ఎందుకో తర్వాత చెబుతాను.

గర్భాశయపు లోపలి పొర నుంచి బయాప్సీ తీశాను. గ్రంథులు చాలా తక్కువ, ఉన్నవీ సన్నగా, ఎదగని పిల్ల గుర్రంలో ఉన్నట్టు ఉన్నాయి. చీము, ఇన్ఫెక్షన్ లేవు. వారానికొకటి చొప్పున మూడుసార్లు ప్రొజెస్టెరాన్ చేయిస్తే మూడూ 0.5 నానోగ్రాముల లోపే. మనుషుల ల్యాబ్‌లోనే చేయించాను. ఈ హార్మోన్ అన్ని జంతువుల్లోనూ ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక వేరే అనుమానాలు. అండాశయంలో వచ్చే గడ్డ, గ్రాన్యులోసా సెల్ ట్యూమర్ అయితే ఒక అండాశయం పెద్దదై రెండోది ముడుచుకుంటుంది. ఇక్కడ రెండూ చిన్నవే. పిట్యూటరీ జబ్బు ముసలి గుర్రాలది. తిండి లోపమంటే ఒళ్లు చెబుతుంది. కార్పస్ లూటియం కరగకుండా ఉండిపోయిందనుకుంటే ప్రొజెస్టెరాన్ ఎక్కువ ఉండాలి. ఆ అనుమానంతోనే మొదటి సీజన్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఒక ఇంజెక్షన్ వేశాను కూడా. కరిగించడానికి అక్కడ ఏదైనా ఉంటే కదా!

ఈ మధ్యలో యజమాని బంధువు ఒకాయన వచ్చి, మెడ మీద సుడి మంచిది కాదు, అందుకే కడుపు నిలవడం లేదన్నారు. గుర్రాల దగ్గర సుళ్ల మాట రాని ఫార్మ్ నేనింకా చూడలేదు. నేను వాదించను. కానీ ఆ రోజు మాత్రం ఆ గుర్రం పక్కన మామూలు థరోబ్రెడ్‌ని నిలబెట్టి చూడమన్నాను. అరచేతి మందం తక్కువ. అదే వయసు, అదే దాణా, కానీ ఇది పొట్టి. అప్పుడు ఎత్తునూ అండాశయాలనూ కలిపి చూస్తే క్రోమోజోములు గుర్తుకురాక తప్పదు.

ఊదా మూత ట్యూబ్

క్రోమోజోములు చూడాలంటే బతికున్న కణాలు కావాలి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఇంకొకరు చేయకుండా. చెయ్యి అలవాటు కొద్దీ ఊదా మూత ట్యూబ్‌లో, అంటే ఈడీటీఏలో రక్తం తీశాను. డీఎన్‌ఏ పరీక్షకు అది సరిపోతుంది. కేరియోటైప్‌కు, అంటే క్రోమోజోములను లెక్కపెట్టి చూసే పరీక్షకు, పనికిరాదు. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది, కణాలు కల్చర్‌లో సరిగ్గా విభజించుకోవు. అది చాలదన్నట్టు ట్యూబ్‌ని ఐస్ ప్యాక్‌కి ఆనించి కొరియర్ చేశాను. మూడో రోజు చేరింది, రక్తం చితికిపోయింది. కల్చర్ లేవలేదు. మూడు వారాలు వృథా.

రెండోసారి ఆకుపచ్చ మూత, హెపారిన్ ట్యూబులు. మెడ దగ్గర జుగులర్ సిర మీద వెంట్రుక గొరిగి, స్పిరిట్‌తో రెండుసార్లు తుడిచి 10 మిల్లీలీటర్లు తీశాను. కల్చర్‌కు బ్యాక్టీరియా పడితే అంతా పాడు. ఐస్‌కి తగలకుండా దూది చుట్టి ఇస్తే, యజమాని మేనల్లుడు అదే సాయంత్రం విమానంలో ఉత్తరాది ల్యాబ్‌కి చేతబట్టుకుని వెళ్లాడు.

అక్కడ జరిగేది ఇది. తెల్ల రక్తకణాలను విభజనకు పురిగొల్పే పదార్థం కలిపి 37 డిగ్రీల్లో మూడు రోజులు పెంచుతారు. గుర్రం కణాలకు ఎక్కువగా వాడేది పోక్‌వీడ్ అనే మొక్క నుంచి తీసిన మైటోజెన్. విభజన మధ్యలో ఉన్నప్పుడు కోల్సెమిడ్ వేసి ఆపేస్తారు. తర్వాత పొటాషియం క్లోరైడ్ పలుచని ద్రావణంలో కణాలు ఉబ్బుతాయి, మిథనాల్, ఎసిటిక్ ఆమ్లం 3:1 పాళ్లలో కలిపి గట్టిపరుస్తారు, స్లైడు మీద చుక్క వేసి జీమ్సా రంగు అద్దుతారు. అప్పుడు గానీ క్రోమోజోములు లెక్కపెట్టడానికి దొరకవు. స్లైడు తయారీలో ఒక్కో కణం నుంచి ఒకటో రెండో క్రోమోజోములు చెదిరి పోతుంటాయి. కాబట్టి ఒకటి రెండు కణాల్లో తక్కువ కనబడగానే జబ్బు అని తేల్చకూడదు. పదుల కొద్దీ కణాల్లో ప్రతిసారీ అదే క్రోమోజోమ్ లేదని రావాలి.

63

రిపోర్టు వచ్చింది. 50 కణాలు లెక్కపెట్టారు. యాభైలోనూ 63. 31 జతలు సక్రమంగా ఉన్నాయి, ఎక్స్ మాత్రం ఒంటరిది. పీసీఆర్‌లో, పిండాన్ని మగదిగా మలిచే ఎస్‌ఆర్‌వై జన్యువు లేదు. కేరియోటైప్ 63,ఎక్స్.

యజమాని రాత్రికి రాత్రే ఫోన్‌లో వెతికినట్టున్నారు. పొద్దున్నే కాల్.

"సార్, గిదేంది? 63 అంటే కంచరగాడిదది గద! నాకు గుర్రమని జెప్పి ఏం అంటగట్టిన్రు?"

ఆ అనుమానం హాస్యాస్పదం కాదు, అంకె నిజంగానే అదే. గుర్రానికి 64, గాడిదకు 62. గుర్రం నుంచి 32, గాడిద నుంచి 31 వస్తే కంచరగాడిదకు 63. కానీ రెండు 63లకూ పోలిక అంకె దగ్గరే ఆగిపోతుంది. కంచరగాడిద కణంలో గుర్రం సగం, గాడిద సగం. గాడిద క్రోమోజోముల ఆకారాలు వేరు, చాలావాటికి సరైన జత దొరకదు. ఇక్కడ ఎక్స్ తప్ప అన్నీ గుర్రపు క్రోమోజోములే, అన్నీ జతలుగానే ఉన్నాయి. రిపోర్టులోని ఫొటో ప్రింట్ తీసుకుని ఫార్మ్‌కి వెళ్లి, చాచానూ కూర్చోబెట్టుకుని జత జతా చూపించాను. చివర్లో ఒంటరిగా మిగిలిన పెద్ద క్రోమోజోమ్ మీద యజమాని వేలు పెట్టి చాలాసేపు చూశారు. గుర్రంలో ఎక్స్ పెద్ద క్రోమోజోముల్లో రెండోది, కాబట్టి అది లేకపోవడం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ లోపాన్ని అమెరికాలో ఒక గొడ్డు ఆడగుర్రంలో 1968లోనే వర్ణించారు. ఆడగుర్రాల్లో ఇప్పటిదాకా బయటపడిన క్రోమోజోమ్ లోపాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. మనుషుల్లో దీనికి సాటి టర్నర్ సిండ్రోమ్, 45,ఎక్స్. వీర్యకణమో అండమో తయారయ్యేటప్పుడు, లేదా పిండం మొదటి విభజనల్లో, ఒక సెక్స్ క్రోమోజోమ్ జారిపోతుంది. వంశంలో వచ్చేది కాదు. తల్లి తప్పు, తండ్రి తప్పు అని వెతకడం దండగ. దీని అక్కచెల్లెళ్లు నిశ్చింతగా ఈనొచ్చు.

మరి గుర్రాల్లోనే ఎందుకు ఇంత తరచుగా? ఒక వివరణ నాకు బాగా నచ్చింది. ఎక్స్, వై రెండిటికీ చివర్లో ఉమ్మడిగా ఒక చిన్న భాగం ఉంటుంది. అక్కడి జన్యువులు రెండు ప్రతులూ పనిచేయాల్సినవి. ఆవుల్లో ఆ భాగం పెద్దది, గుర్రాల్లో చిన్నది. ఒక ఎక్స్ పోతే ఆవు పిండం నష్టపోయే జన్యువులు ఎక్కువ, గుర్రపు పిండం నష్టపోయేవి తక్కువ. కాబట్టి గుర్రం పుట్టి, పెరిగి, రేసు కూడా పరిగెత్తగలుగుతుంది.

కానీ అండాలకు మాత్రం రెండు ఎక్స్‌లూ కావాలి. అండకణాలు తయారయ్యే దశలో జత దొరకని ఎక్స్ ఉన్న కణాలు నిలవవు. పుట్టేనాటికే అండాశయంలో సరుకు ఖాళీ. అందుకే ఫాలికిల్ లేదు, ఈస్ట్రోజెన్ లేదు, గర్భాశయం ఎదగలేదు. లేని విత్తనానికి ఎంత నీరు పెడితే ఏం మొలుస్తుంది? నేను పెట్టించిన 16 గంటల లైటు అలాంటిదే.

ఆరోగ్యం మాటకొస్తే, మనుషుల టర్నర్ సిండ్రోమ్‌లో గుండె, మూత్రపిండాల లోపాలు ఉండొచ్చు గనుక ఈ గుర్రాన్నీ ఒకసారి పూర్తిగా చూశాను. గుండె చప్పుడు శుభ్రంగా ఉంది, రక్తపరీక్షలు సరిగ్గానే ఉన్నాయి. గుర్రాల్లో ఈ లోపం వల్ల ప్రధానంగా కనిపించేవి గొడ్డుతనం, తక్కువ ఎత్తు, కొన్నింటిలో కాళ్ల అమరికలో వంకర. ఎత్తు కూడా అన్నిట్లో తగ్గదు. పొడుగ్గా ఉంది కాబట్టి 63,ఎక్స్ కాదని కొట్టేయకండి.

ఇంకో జాగ్రత్త. కొన్ని గుర్రాల్లో కొన్ని కణాలు 63,ఎక్స్, మిగతావి 64,ఎక్స్ఎక్స్ ఉంటాయి. వాటిలో అప్పుడప్పుడూ ఎదకొచ్చేవి, అరుదుగా ఈనేవి కూడా ఉన్నాయి. అందుకే ఎన్ని కణాలు లెక్కపెట్టారో చూడకుండా రిపోర్టు నమ్మొద్దు.

రిపోర్టు ఇంకోలా వచ్చి ఉంటే

క్లిటోరిస్ ప్రత్యేకంగా చూడమన్నది ఇందుకు. బయటికి అచ్చం ఆడగుర్రమే, లోపల 64,ఎక్స్‌వై ఉండే గుర్రాలున్నాయి. ఆడగుర్రాల లోపాల్లో 63,ఎక్స్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే. వాటిలో చాలావాటికి వై క్రోమోజోమ్ మీద ఎస్‌ఆర్‌వై ఉన్న ముక్క ఎగిరిపోయి ఉంటుంది. మగ అవయవాలు తయారుచేయమనే ఆజ్ఞ అందక పిండం ఆడదిగా ఎదుగుతుంది. అవి మామూలు ఎత్తే ఉంటాయి, అండాశయాలు మాత్రం ఇలాగే ముడుచుకుని ఉంటాయి. ఎస్‌ఆర్‌వై ఉండి కూడా ఆడరూపం వచ్చినవాటిలో క్లిటోరిస్ పెద్దదై, ప్రవర్తన పోతుగుర్రంలా ఉండొచ్చు. ఉత్త స్కాన్‌తో వీటిని విడదీయలేం.

నా దృష్టిలో పెంపకందారుకు 63,ఎక్స్ కన్నా ప్రమాదకరమైనది ట్రాన్స్‌లొకేషన్. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. మొత్తం సరుకు అంతే ఉంటుంది కాబట్టి గుర్రం ఏ లోటూ లేకుండా కనిపిస్తుంది, ఎదకొస్తుంది, చూడి కడుతుంది, ఆనక పిండం పోతుంది. కెంటకీ యూనివర్సిటీ పరిశోధకులు 2002లో ఒక థరోబ్రెడ్ ఆడగుర్రంలో 1, 16 క్రోమోజోముల మధ్య ఇలాంటి మార్పిడిని వర్ణించారు. ఇలాంటి గుర్రం అండాల్లో కొన్నిటికి ముక్క ఎక్కువో తక్కువో వస్తుంది, ఆ పిండాలు నిలవవు. నిలిచి పుట్టిన పిల్లల్లో కొన్ని మళ్లీ అదే మోస్తూ పైకి మామూలుగా తిరుగుతాయి. అది మగగుర్రంలో ఉంటే ఎన్ని కడుపులకు పాకుతుందో ఊహించుకోండి. 63,ఎక్స్ తనతోనే ఆగిపోతుంది. మన దేశంలో వీర్యకేంద్రాల ఆంబోతులకు కేరియోటైప్ చూస్తాం. లక్షలు పోసి దాటించే గుర్రాలకు మాత్రం, గొడ్డు పోయేదాకా ఎవరూ చూడరు.

చూడి పోయిన ప్రతి గుర్రమూ ట్రాన్స్‌లొకేషన్ మోసుకుతిరిగే గుర్రమేం కాదు. మొదటి రెండు నెలల్లో పోయిన పిండాల్లో సగానికి పైగా క్రోమోజోమ్ లోపాలున్నవేనని 2024లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధన తేల్చింది. అందులో ఎక్కువ భాగం ఆ ఒక్క పిండానికి జరిగిన పొరపాటే, తల్లి క్రోమోజోములు బాగానే ఉంటాయి. ఈ కేసు ఊపులో నేను మరో ఫార్మ్‌లోని మార్వాడీ గుర్రానికీ రక్తం తీయించాను. మూడుసార్లు ఈసుకుపోయింది అది. రిపోర్టు 64,ఎక్స్ఎక్స్, ఏ లోపమూ లేదు. చూస్తే గర్భాశయంలో పాత వాపు. కొత్త సుత్తి చేతికొస్తే అన్నీ మేకుల్లా కనిపించే రోజులు అవి.

తర్వాత

యజమాని అడిగినవి రెండు. మందులతో ఏమైనా అవుతుందా? కాదు. వేరే గుర్రం పిండాన్ని దీని కడుపులో పెడితే? అండాశయాలు లేని గుర్రాల్లో కూడా ప్రొజెస్టెరాన్ ఇస్తూ పిండాన్ని మోయించవచ్చు. కానీ ఈ గర్భాశయం ఎదగనిది, పైగా పిండమార్పిడితో పుట్టిన పిల్లను థరోబ్రెడ్ స్టడ్ బుక్ చేర్చుకోదు. అదీ వద్దన్నాను. మూడోది ఆయన అడగలేదు, నేనే చెప్పాను. పిల్లల కోసమని చెప్పి దీన్ని ఇంకొకరికి అమ్మకండి. ఫైల్‌లో రిపోర్టు ఒక కాపీ, గుర్రం పాస్‌పోర్టులో ఒక కాపీ పెట్టించాను.

నా పద్ధతి ఇప్పుడు ఇలా మారింది. నిండు సీజన్‌లో నెల తేడాతో రెండుసార్లు స్కాన్ చేసి, రెండు అండాశయాలూ చిన్నగా, ఫాలికిల్ లేకుండా ఉంటే, హార్మోన్ ఇంజెక్షన్ తీయడానికి ముందే ఆకుపచ్చ మూత ట్యూబ్ తీస్తాను. దాని ఖర్చు ఒక్కసారి ట్రక్కు ఎక్కించి దాటించుకొచ్చే ఖర్చులో చిన్న ముక్క. గుర్రానికి వంశ నిర్ధారణ డీఎన్‌ఏ రిపోర్టు ఉంటే అదీ తెప్పించుకుని చూస్తాను. అలాంటి ప్యానెళ్లలో తరచుగా ఉండే ఎల్‌ఈఎక్స్3 అనే మార్కర్ ఎక్స్ మీదిది. ఆడగుర్రంలో అక్కడ రెండు రకాలు కనిపిస్తే మామూలు 63,ఎక్స్ కాదని అర్థం. ఒక్కటే కనిపిస్తే మాత్రం ఏమీ తేలదు, తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే రకం వచ్చి ఉండొచ్చు. అనుమానం మాత్రం మిగులుతుంది.

గుర్రం అదే ఫార్మ్‌లో ఉంది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. పొట్టిగా, నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఆదివారాలు పిల్లలు దాని మీదే స్వారీ నేర్చుకుంటున్నారు. పోయిన మార్చిలో పక్క ఫార్మ్ వాళ్లు మార్వాడీ పోతుగుర్రం వీర్యం సేకరించడానికి ఒక ఆడగుర్రం కావాలని అడిగితే, దీన్నే పంపమని నేనే చెప్పాను. మనిషి పట్టుకోనక్కర్లేదు, తన్నదు, పక్కకు జరగదు. చాచా తోకకు గుడ్డ చుడుతూ నా వైపు తిరిగారు.

"నేను జెప్పలే సాబ్, ఇది ఎప్పుడైనా నిలబడ్తది అని?"